బోటు మీద ఉగాది

"నేను రాను. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు" అంది మా అమ్మాయి.

ఈ ఏడాది (2025) విశ్వావసు ఉగాది మార్చి 30, ఆదివారం. సెలవు రోజే పండగ కలిసొచ్చిందని ఇక్కడి తెలుగువాళ్లం హాలు మాట్లాడుకున్నాం. పట్టు పరికిణీ ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టాక అన్న మాట ఇది. "అడగకపోవడమేంటి, అందరూ పలకరిస్తారుగా" అన్నాను. "ఏ క్లాసు, తెలుగొచ్చా, డాన్స్ నేర్చుకుంటున్నావా. అంతే కదమ్మా. పచ్చడి గురించి ఎవరూ అడగరు."

ఎందుకలా అందో నాకు తెలుసు. కిందటేడు క్రోధి ఉగాది ఏప్రిల్ 9న, ఈస్టర్ సెలవుల్లో వచ్చింది. అప్పుడు మేం ఇంగ్లండ్‌లోని ఎల్స్‌మియర్‌లో అద్దెకు తీసుకున్న బోటులో లాంగోలెన్ కాలువ మీద ఉన్నాం. ఇంగ్లండ్ వైపు నుంచి వేల్స్‌లోకి పోయే కాలువ అది. పండగ పూట ఇల్లు వదిలి ఎక్కడికని నేను గట్టిగానే అడ్డుపడ్డాను. పిల్లలూ మా ఆయనా ఒకటైపోయేసరికి సరేనన్నాను గానీ బెల్లం, చింతపండు, ఇండియన్ షాపులో దొరికిన మామిడికాయ, అమ్మ ఎండబెట్టి పంపిన వేపపువ్వు పొట్లం అన్నీ సర్దుకునే బయల్దేరాను. ఎక్కడున్నా పండగ మానేది లేదని నా పట్టు.

ఆ బోట్లు ఏడడుగుల వెడల్పు కూడా ఉండవు. గంటకు నాలుగు మైళ్లకు మించి పోకూడదు. పైగా డీ నది నుంచి కాలువలోకి వదిలిన నీళ్లు మనకు ఎదురొస్తాయి, దాంతో ఇంకా నెమ్మది. గట్టున కట్టేసిన బోట్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు ఇంజన్ బాగా తగ్గించాలి, లేకపోతే వాళ్ల తాళ్లు లాగేసి లోపల గిన్నెలు కదిలిపోతాయి. మనం తగ్గించడం చూసి వాళ్లు కిటికీలోంచి చెయ్యూపుతారు. మా చిన్నవాడు ఒక్కరినీ వదలకుండా తిరిగి ఊపాడు.

న్యూ మార్టన్ లాకుల దగ్గర, అంటే రెండు గేట్ల మధ్య నీళ్లు నింపి బోటును పై మట్టానికి ఎత్తే చోట, ఒక పెద్దావిడ తన బోటు కట్టేసి మా కోసం ఆగింది. కోనసీమలో పుట్టినదాన్ని, లాకులు నాకు కొత్త కాదు. కానీ చిన్నప్పుడు గట్టు మీద నిలబడి చూడటమే తప్ప చెయ్యి వేసింది లేదు. తూము ఎత్తే ఇనప హ్యాండిల్‌ని ఎలా తిప్పాలో, గేటు దూలానికి నడుము ఆనించి కాళ్లతో ఎలా నెట్టాలో ఆవిడే మా అమ్మాయికి చూపించింది. రెండు వైపులా నీళ్లు సమానమయ్యేదాకా గేటు ఎంత నెట్టినా కదలదు. సమానం కాగానే, పదకొండేళ్ల పిల్ల ఒక్కతే నెట్టేసింది. నేను మాత్రం "కేర్‌ఫుల్, కేర్‌ఫుల్" అని అరుస్తూనే ఉన్నాను. తెలుగులో మాట్లాడండని ఇంట్లో రోజూ పోరేదాన్ని నేనే. పాంట్‌కసుల్టె వంతెన మీదా అంతే. 1805లో తెరిచిన ఆ వంతెన మీద కాలువ ఇనప తొట్టిలో, డీ నదికి 126 అడుగుల ఎత్తున పోతుంది. ఒక పక్క కాలిబాట, దానికి కమ్మీ ఉన్నాయి. రెండో పక్క తొట్టి అంచు తప్ప అడ్డం ఏమీ లేదు. దాటేదాకా పిల్లల చొక్కాలు పట్టుకుని నేనన్న మాటల్లో తెలుగు ముక్క లేదు.

పండగనాటికి లాంగోలెన్ ఊరు చేరాం. బోటులో స్నానం చేసిన నీళ్లు బయటికి పోవాలంటే స్విచ్ నొక్కి పట్టుకోవాలి. ఒక చెయ్యి దాని మీద ఉంచి, రెండో చేత్తో ఇద్దరికీ తలంట్లు పోశాను. పచ్చడి కలిపి దేవుడికి పెట్టి చూస్తే అమ్మాయి లేదు. పక్క బోటు ఆ పెద్దావిడదే. గిన్నె పట్టుకుని అక్కడికి వెళ్లిపోయింది. తెలియనివాళ్లకి పండగపూట చేదు పెడుతోందేంటని నేను వెనకే పరిగెత్తాను.

ఆవిడా భర్తా చెంచాలు చేత పట్టుకుని పిల్లను అడుగుతున్నారు. చేదు దేని వల్ల? అందరూ తినాల్సిందేనా? ఏడాదికి పేరేంటి? ఇంట్లో పంచాంగం చదువుతుంటే ఫోన్ చూసుకునే పిల్ల, అరవై పేర్లుంటాయని, ఇది క్రోధి అని, తర్వాతిది విశ్వావసు అని వాళ్లకి చెప్తోంది. తనకు ఇవన్నీ తెలుసని నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు, చెప్పడమే నా పని అనుకున్నాను.

ఆవిడ టీలో నానబెట్టిన ఎండుద్రాక్షలతో చేసిన బారా బ్రిత్ అనే వెల్ష్ రొట్టె కోసి పెట్టింది. ఆవిడ మాతృభాష వెల్ష్. 2021 జనాభా లెక్కల్లో వేల్స్‌లో అది మాట్లాడగలమన్నవాళ్లు 17.8 శాతమే. మనవలు ఇంగ్లండ్‌లో పెరుగుతున్నారట, ఆవిడ వెల్ష్‌లో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్తారట. పుట్టినరోజు కార్డులు మాత్రం వెల్ష్‌లోనే రాస్తానంది. సొంత గడ్డ మీద, బళ్లలో నేర్పే భాషకే ఇంత కష్టమైతే మనమెంత అని ఆ పూట నాకు దిగులు పట్టుకుంది.

మా చిన్నప్పుడు కోటిపల్లి రేవులో గోదావరి దాటించే ముక్తేశ్వరం పంటు ఎక్కితే, ఒడ్డు దాటేలోపు "ఎవరమ్మాయివే?" అని అడిగి చేతిలో జామకాయ పెట్టేవాళ్లు. ఆ ఆప్యాయత నా పిల్లలకీ దొరకాలని పదేళ్లుగా తెలుగువాళ్ల మధ్యకే తిప్పుతున్నాను. అది వాళ్లకి ఎవరో ఊరూపేరూ తెలియనివాళ్ల బోటులో దొరికింది. సంతోషంగానే ఉంది, కష్టంగానూ ఉంది.

తోటి అమ్మలకు ఒక మాట చెప్పాలనిపిస్తుంది. పండగను మనవాళ్ల మధ్యే ఉంచెయ్యకండి, పచ్చడి గిన్నె పిల్లల చేతికిచ్చి పక్కింటికి పంపండి. చెప్పాల్సి వస్తే వాళ్లే నేర్చుకుంటారు. ఈ మాట చెప్తూనే ఈ ఆదివారం మా అమ్మాయిని హాలుకు పట్టుబట్టి తీసుకెళ్లాను. మనవాళ్లూ కావాలి తనకి, అది వదులుకోలేను. ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

నా అనుమానం వేరే. బయటివాళ్లు అడిగితే బ్రహ్మాండంగా చెప్తుంది. అడిగేవాళ్లు లేని రోజున చేసుకుంటుందా? వచ్చే ఏడు పరాభవ ఉగాది మార్చి 19, గురువారం. సెలవుల్లేవు, బోటు లేదు, హాలు లేదు. బడి టైముకి ముందు ఆ పచ్చడి కలపడానికి, నేను పిలవకుండా తను లేస్తుందో లేదో చూడాలని ఉంది. పిలవకుండా నేను ఉండగలనా అన్నది ఇంకా తేల్చుకోలేదు.