అమ్మ కళ్ళజోడు

ఆపరేషన్ థియేటర్ తలుపు మూసుకున్నాక చూసుకుంటే అమ్మ కళ్ళజోడు నా గుప్పిట్లోనే ఉంది. లోపలికి వెళ్తూ తీసి ఇచ్చింది. "జాగ్రత్త" అంది, అంతే.

మొదటి గంటంతా ఆ అద్దాలు తుడుస్తూనే కూర్చున్నాను. ప్రార్థన చేద్దామంటే మాటలు రావు. "ప్రభువా" అనడం, ఆగిపోవడం.

అప్పుడు మార్కు సువార్త 4వ అధ్యాయం గుర్తొచ్చింది. తుఫాను. దోనెలోకి నీళ్ళు వచ్చేస్తున్నాయి. యేసు వెనకవైపు తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఎప్పుడు చదివినా ఆయన గాలిని గద్దించిన చోటే నా మనసు ఆగేది. ఈ రోజు మాత్రం ఆ తలగడ దగ్గరే ఆగిపోయింది. సముద్రం ఇంకా సద్దుమణగలేదు, అయినా ఆయన నిద్రపోతున్నాడు కదా!

శిష్యులు లేపి అడిగిన మాట కూడా నా మాటే. మేం నశించిపోతున్నా నీకు చింత లేదా అని. అలా అడిగినవాళ్ళని ఆయన వదిలేసి వెళ్ళలేదు. అది చాలు నాకు.

దేవుని సమాధానం, అంటే ఆయనిచ్చే శాంతి, మన హృదయానికి కావలి ఉంటుందని ఫిలిప్పీ పట్టణంలోని విశ్వాసులకు పౌలు రాసింది కూడా ఖైదులో ఉండగానే. కావలి అంటే బయట ప్రమాదం ఉన్నట్టే. నా టెన్షన్ మాయమైపోలేదు. కానీ అది లోపలికి రాకుండా ఎవరో గుమ్మం దగ్గర నిలబడ్డట్టు ఉంది.

ఆపరేషన్ అయిందన్నారు. అమ్మకి ఇంకా మెలకువ రాలేదు. కళ్ళజోడు మరోసారి తుడిచి పట్టుకుని కూర్చున్నాను.