మా పాప నా మొహం చూడని రోజులు

మా పాపకి రెండేళ్ళు దాటాయి. కాన్పయ్యాక నాకొచ్చిన దిగులు జబ్బు, అదే డిప్రెషన్, గురించి రాయడానికి ఇంతకాలం చెయ్యి రాలేదు. మొన్న చుట్టాలమ్మాయి పురుటికి వెళ్తే, వచ్చినవాళ్ళంతా పిల్ల బరువెంత అని అడిగేవాళ్ళే. ఆ అమ్మాయి మొహం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒళ్ళు మండి ఇంటికొచ్చి రాస్తున్నాను.

ఏప్రిల్‌లో, పాలకొల్లులో, ఆపరేషన్ కాన్పు. కుట్లు, కాయం ముద్దలు, వెల్లుల్లి కారం, సాంబ్రాణి పొగ, బారసాల అన్నీ అందరికీ జరిగేవే. మూడో నెలలో అత్తారింటికి వచ్చాను. అప్పటికే నాకు నిద్ర పోయింది. పిల్ల పడుకున్నా కళ్ళు మూతపడేవి కావు. పాలివ్వడం, గుడ్డలు మార్చడం అన్నీ చేసేదాన్ని, మిషన్‌లాగా. పద్నాలుగో వారం టీకాకి వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరు గారితో, "నాకేం బాగోలేదండీ" అన్నాను. ఆయన కాటా మీద అంకె చూసి, "పిల్ల బంగారంలా ఉంది, నీకేం లోటమ్మా? సెల్ చూడ్డం తగ్గించు, అదే నిద్రపడుతుంది" అన్నారు. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆయన మాట మర్చిపోయినా ఆ నవ్వు మర్చిపోలేను.

అంతకంటే గట్టి దెబ్బ కొట్టింది నీళ్ళు పోసే మామ్మ. ఊళ్ళో సగం మందికి చిన్నప్పుడు ఆవిడే నీళ్ళు పోసింది. పీట మీద కాళ్ళు చాపుకుని, పిల్లని వాటి మీద బోర్లా వేసి సున్నిపిండి రుద్ది, వెల్లకిలా తిప్పి, నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి గోరువెచ్చని నీళ్ళు పోసేది. పోస్తూ ఏవో కూతలు కూసేది. పాప బోసినోరంతా తెరిచి నవ్వేది. తువ్వాలు పట్టుకుని నేను వంగగానే ఆ నవ్వు ఆగిపోయి, తల పక్కకి తిరిగిపోయేది. "ఇదేంటే అమ్మాయ్, నన్ను చూసి నవ్వే పిల్ల నిన్ను చూసి మొహం తిప్పుకుంటోంది?" అంది ఒకరోజు, అత్తయ్య గారి ముందే. ఆ మామ్మ గొంతు నులిమెయ్యాలనిపించింది.

ఆగస్టులో ఒక రాత్రి ముసురు పట్టి కరెంటు పోయింది. చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు ఆగితే రొయ్య చచ్చిపోతుందని మా ఆయన చెరువు మీదికి జనరేటర్ వెయ్యడానికి పరిగెత్తారు. ఉయ్యాల్లో పాప లేచి ఏడుస్తోంది. నాకు వినిపిస్తూనే ఉంది. ఎవరి పిల్లో, వాళ్ళమ్మ ఎక్కడికి పోయిందో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. దొడ్డి తలుపు తీసుకుని కాలువ రేవులోకి దిగాను. వానాకాలం కాలువ, మెట్లు సగం మునిగి ఉన్నాయి. గుర్రపుడెక్క ముద్దలు ముద్దలుగా కొట్టుకుపోతోంది. పాదాలకి నీళ్ళు చల్లగా తగిలాయి. భయం లేదు, బాధ లేదు. ఇప్పుడు తలుచుకుంటే వణుకు పుట్టేది అందుకే.

భుజం మీద చెయ్యి పడింది. అత్తయ్య గారు. "లోపలికి రామ్మా, పిల్ల ఆకలికి ఏడుస్తోంది" అన్నారు, అంతే. తెల్లారేదాకా దొడ్డి గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని కూర్చున్నారు. ఆ ఋణం తీరేది కాదు. మర్నాడు ఆవిడే ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసి, "గాలి సోకింది. ఎవరితోనూ అనకు, పరువు పోతుంది" అన్నారు. ఆ మాటకి మాత్రం ఇంకా కోపమే.

చివరికి మా ఆయన్ని నిలబెట్టి అడిగింది నీళ్ళు పోసే మామ్మే. "జబ్బు పిల్లకి కాదురా, దాని తల్లికి."

సిద్ధాంతం వంతెన దాటి రాజమండ్రి వెళ్ళాం. మానసిక వైద్యురాలు ఒక కాగితం ఇచ్చారు. గడిచిన 7 రోజుల గురించి 10 ప్రశ్నలు. 1987లో ఎడిన్‌బరో పేరుతో వచ్చిన కాగితమట, బాలింతల్లో ఈ దిగులు జబ్బు పసిగట్టడం కోసమే. మొదటి ప్రశ్న, నవ్వగలుగుతున్నారా అని. పదో ప్రశ్న, మీకు మీరే హాని చేసుకోవాలనిపించిందా అని. అక్కడ పెన్ను ఆగిపోయింది. రేవు సంగతి అక్కడే చెప్పాను. మా ఆయన ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు.

నా అసలు భయం వేరే ఉంది. నా వల్ల పిల్ల పాడైపోయిందా? డాక్టరమ్మ పాపని ఒళ్ళో వేసుకుని చూశారు. మెడ నిలిపింది, చప్పుడుకి తిరిగింది, ఆవిణ్ణి చూసి నవ్వింది. ఆరేడు వారాలకి రావలసిన నవ్వు వచ్చింది, జవాబు రాని చోట మానేసింది అన్నారు. 1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే ఆయన, పిల్లని ఆడిస్తున్న తల్లిని కాసేపు మొహం బిగించుకుని కూర్చోమన్నారట. పిల్ల ముందు నవ్వి పిలుస్తుంది, చేతులు చాస్తుంది, గోల చేస్తుంది, ఇక లాభం లేదని తల తిప్పుకుంటుంది. "మీ మామ్మ కనిపెట్టింది అదేనమ్మా" అన్నారు. ఆరోగ్యంగా ఉన్న తల్లీబిడ్డలకి కూడా చూపులు చాలాసేపు కుదరవట, తప్పిపోయి మళ్ళీ కలుస్తుంటారట. ఆ ఒక్క మాట కొంగున కట్టుకుని తిరుగు బస్సెక్కాను.

పాలు మానక్కర్లేని మాత్ర ఇచ్చారు. మూడు వారాలకి నిద్ర వచ్చింది. రోజూ రెండు పూటలా పాప ఎదురుగా కూర్చుని, అది ఏ కూత కూస్తే అదే కూయమన్నారు. మొదట్లో ఉత్త నాటకం. ఒకరోజు పోపులో మిరపకాయ మాడి గట్టిగా తుమ్మాను. పాప ఉలిక్కిపడి, నా మొహంలోకే చూసి, కిలకిలా నవ్వింది. దొంగ తుమ్ము తుమ్మాను. మళ్ళీ నవ్వింది. కూర మాడిపోయిన వాసన వచ్చేదాకా తుమ్ముతూనే ఉన్నాను. ఆ రోజు ఏడుపొచ్చింది.

అంగన్‌వాడీ వాళ్ళిచ్చే తల్లీబిడ్డల కార్డులో ఏ వయసుకి పిల్ల ఏం చెయ్యాలో బొమ్మలుంటాయి, చూసుకోండి. కన్నతల్లి ఎలా ఉందో కూడా అడగండి. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416కి అర్ధరాత్రి అయినా ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. నా రేవు రాత్రి ఆ నంబరు ఉందని తెలియదు. భీమవరం మావుళ్ళమ్మకి మొక్కు తీర్చాను. మాత్ర మాత్రం డాక్టరమ్మ చెప్పేదాకా మానలేదు.

సంక్రాంతికి పాపకి తొమ్మిదో నెల. భోగినాడు తలంటు పొయ్యడానికి మామ్మ వచ్చి చేతులు చాపింది. పాప ఆవిణ్ణి ఎగాదిగా చూసి, పెదవి విరిచి, కెవ్వుమని ఏడ్చి నా మెడ పట్టేసుకుంది. ఈ వయసులో పిల్లలకి కొత్త లేస్తుందని, అమ్మని వదిలి వేరేవాళ్ళ దగ్గరికి పోరని డాక్టరమ్మ ముందే చెప్పారు.

"ఇన్నాళ్ళూ నీళ్ళు పోసినదాన్ని, ఇప్పుడు నేను పరాయిదాన్నయిపోయానా?" అని మామ్మ మూతి ముడుచుకుంది. ఆ పూట పీట మీద నేనే కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఆవిడ పక్కన నిలబడి, "ముక్కులోకి పోతాయే, చెయ్యి అడ్డం పెట్టు" అని కేకలేస్తూనే ఉంది.