పన్ను నొప్పి దానంతటదే తగ్గిపోయిన రోజు

పోయిన కార్తీకంలో నా ఎడమవైపు కింది దవడ పన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వలేదు. పగలు పర్వాలేదు, టీ తాగితే జివ్వుమనేది, ఆ జివ్వు ఓ పది నిమిషాలు లాగేది, అంతే. పడుకుంటే మాత్రం పన్నులోనే గుండె ఉందా అన్నట్టు టకటకా పోటు, లేచి కూర్చుంటే కాస్త నయం, అందుకని గోడకి దిండు ఆనించుకుని తెల్లారేదాకా అలాగే కూర్చునేవాణ్ణి. అమ్మ చెప్పిందని లవంగం నూనెలో దూది ముంచి పెట్టాను. మెడికల్ షాపులో అబ్బాయి ఏవో యాంటీబయాటిక్స్, నొప్పి మాత్రలు ఇచ్చాడు. ఐదో రోజుకి నొప్పి మాయం. హమ్మయ్య అనుకుని డాక్టర్ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసేశాను.

నెల తిరక్కుండానే ఆ పన్ను పక్కన చిగురు మీద మొటిమలాంటి బుడిపె లేచింది. నొక్కితే చీము.

ఎక్స్‌రేలో పన్ను వేరు చివర నల్లటి మచ్చ చూపించి డాక్టరమ్మ చాలా మామూలుగా అన్నారు: "మీకు నొప్పి తగ్గలేదండీ, నొప్పి తెలిసే నరం చచ్చిపోయింది."

పన్ను లోపల మెత్తటి గుజ్జు ఉంటుంది, పల్ప్ అంటారు, నరాలు, రక్తనాళాలు అన్నీ అందులోనే. పుచ్చు అక్కడిదాకా వెళ్తే అది వాస్తుంది, కానీ చుట్టూ గట్టి గోడ కదా, వాయడానికి చోటెక్కడ? ఆ ఒత్తిడే పోటు. పడుకుంటే తలకి రక్తం ఇంకాస్త ఎక్కువ వస్తుంది కాబట్టి రాత్రిళ్ళు నరకం. చివరికి గుజ్జు చచ్చిపోతుంది, నొప్పి ఆగుతుంది, బ్యాక్టీరియా మాత్రం హాయిగా లోపలే ఉంటుంది. మాత్రలు వెళ్ళేది రక్తంలో, రోడ్డు తెగిపోయిన ఊరికి బస్సు ఎలా వెళ్తుంది చెప్పండి. కాబట్టి లోపలికి దిగి శుభ్రం చేయాలి, రూట్ కెనాల్ అంటే అదే, లేదా పన్నే పీకేయాలి.

మా పెద్దమ్మ రెండో పార్టీ. "పీకించేయరా, పీడా పోతుంది, పై పన్నయితే చూపు పోతుందిగానీ కింది పన్నుకేం" అంది. చూపు నరం వేరు, పళ్ళ నరం వేరు అని చెప్తే నమ్మదు, వదిలేశాను.

ఇంజెక్షన్‌తో సగం పెదవి, సగం నాలుక మొద్దుబారాయి. పన్ను ఒక్కటే బయటికి కనపడేలా నోటికి రబ్బరు షీటు కట్టి, పైనుంచి రంధ్రం చేశారు. నా పన్నుకి వేళ్ళు రెండే, లోపల కాలువలు మాత్రం మూడు. కుట్టుసూది కంటే సన్నటి ఫైళ్ళు, వాటి మీద మరలాంటి గీతలు, ఒకదాని తర్వాత ఒకటి దించి గీకుతారు. పెదవి చివర ఓ చిన్న కొక్కెం తగిలించారు, ఫైలు వేరు చివరికి దగ్గరవుతున్నకొద్దీ పక్కనున్న మెషీన్ బీప్ బీప్ అని తొందరపడుతుంది, కారు రివర్స్ చేసేటప్పుడు వచ్చే చప్పుడులాగే. మధ్యమధ్యలో ఏదో నీళ్ళతో కడుగుతుంటే తెలిసిన వాసనే అనిపించి తర్వాత అడిగాను. సోడియం హైపోక్లోరైట్ అట, అంటే బట్టల బ్లీచ్‌లో ఉండేదే. నొప్పి లేదు, నోరు తెరిచి ఉంచీ ఉంచీ దవడ లాగింది, అంతే.

లోపల మందు పెట్టి, తాత్కాలికంగా మూసి, వారం తర్వాత రమ్మన్నారు. అప్పటికి బుడిపె అణిగిపోయింది. ఆ రోజు కాలువల్లో గులాబీ రంగు సన్నటి పుల్లలు కూర్చి, పైన మిగిలింది కాల్చిన పరికరంతో కోశారు, ముక్కు ముందే చిన్న పొగ. గట్టా పర్చా అంటారు వాటిని, ఆగ్నేయాసియాలో పెరిగే ఒక చెట్టు పాలతో చేస్తారు. 19వ శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకి తొడుగు కూడా దీంతోనే చేశారట. అది ఇప్పుడు నా నోట్లో ఉంది!

ఆ పన్ను మీద తొడిగే క్యాప్ దగ్గర మాత్రం కక్కుర్తి పడబోయాను, డబ్బు మళ్ళీ దాదాపు అంతే కదా. మా ఆఫీసులో ఒకాయన అలాగే వదిలేసి, జంతిక కొరికితే పన్ను నిలువునా చీలింది, చివరికి పీకించుకున్నాడు. పుచ్చూ, రంధ్రమూ పోగా మిగిలింది డొల్ల, నమిలే బరువంతా దవడ పళ్ళ మీదే. వేయించేసుకున్నాను.

నిన్న చల్లటి మజ్జిగ తాగుతుంటే కుడివైపు జివ్వుమంది. రెండు సెకన్లలో పోయింది, అంటే ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు, నరందాకా వెళ్ళకపోయి ఉండొచ్చు. సోమవారం పదిన్నరకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.