నేపాల్ కొండబడిలో పాఠాలు చెప్పడానికి వెళ్తున్నారా?

బీఈడీ చేసి ఖాళీగా ఉన్న మన తిరుపతి పిల్లలు కొందరు నేపాల్ బళ్లలో స్వచ్ఛందంగా పాఠాలు చెప్పి వస్తామంటున్నారు. వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టో వోటరు కార్డో ఉంటే చాలు. 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకి మాత్రం ఆధార్ చెల్లదు. మన వంద అక్కడ 160. ఇవన్నీ అందరూ చెప్పేవే. అసలు తంటా బడిలోకి అడుగుపెట్టాక మొదలవుతుంది.

హాజరు పట్టీలో తేదీలు విక్రమ సంవత్‌లో ఉంటాయి. 2025 ఏప్రిల్ 14న వాళ్లకి 2082 వైశాఖం ఒకటో తేదీ. మన ఉగాదితో పోల్చుకోకండి, అది సౌరమానం. వేలూరు తమిళుల సంవత్సరాది కూడా ఆ రోజుల్లోనే కదా. నెలకి 29 నుంచి 32 రోజుల దాకా ఉంటాయి, అదీ ఏటా ఒకేలా ఉండదు. వేళ్ల మీద లెక్కేస్తే తప్పుతుంది. గోడ క్యాలెండరు ఒకటి కొనుక్కుని, పాఠ్య ప్రణాళికలో రెండు తేదీలకీ రెండు గళ్లు గీసుకోండి. లేదంటే కొత్త పాఠం ఎత్తుకున్న రోజే పరీక్ష వచ్చి పడుతుంది. అంకెలు దేవనాగరివి. వాళ్ల ఒకటి మన కంటికి తొమ్మిదిలా కనబడుతుంది, మార్కులు ఎక్కించేటప్పుడు జాగ్రత్త.

బడి పదికి. అన్నం, పప్పు, కూర తొమ్మిది ప్రాంతంలోనే పెట్టేస్తారు. అంత పొద్దున్నే అన్నమేంటని టీతో సరిపెట్టుకుంటే మూడో పీరియడుకి గొంతు లేవదు. మధ్యాహ్నం అటుకులో నూడుల్సో, అంతే. మళ్లీ అన్నం రాత్రికే. కొన్ని ఇళ్లలో ఢిండో పెడతారు. బియ్యం నూక వెయ్యని మన రాగి సంగటే అనుకోండి. కూరల్లో ఆవనూనె వాసన పడనివాళ్లు ఇంటి నుంచి చింతపండు, ఎండు మిరపకాయలు, వేయించిన చెనిగ్గింజలు తీసుకెళ్తే ఊరుబిండి నూరుకోవచ్చు. వారానికి సెలవు శనివారం. ఆదివారం బడి నడవడం అక్కడ చాలా ఏళ్లు మామూలుగా ఉండేది, ఇప్పుడెలా ఉందో అడిగి తెలుసుకోండి.

"అర్థమైందా?" అని అడగకండి. తరగతంతా ఒకే గొంతుతో అవునంటుంది. నోటుబుక్కు కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేసి పిల్లకొకటి ఇవ్వండి. చివరి ఐదు నిమిషాల్లో ఒక్క లెక్క చేయించి ముక్కలు తీసుకుంటే ఎవరెక్కడ ఆగారో తెలిసిపోతుంది. హిందీతో నెట్టుకురావచ్చనుకోవద్దు. తమాంగ్, మగర్, గురుంగ్ తెగల ఇళ్లలో కొందరు పిల్లలకి నేపాలీయే రెండో భాష. ఒకటి నుంచి మూడు తరగతులకి స్థానిక టీచరు పక్కన లేకుండా పాఠం చెప్పడం దండగ.

ఆషాఢంలో వాన మొదలయ్యాక రేకుల కప్పు కింద ఏం చెప్పినా వినబడదు. ఆ గంటలకి రాత పని సిద్ధంగా పెట్టుకోండి. అప్పుడే వరినాట్లు కూడా, సగం మంది పొలాల్లో ఉంటారు. పాతవి తిరగేయించడానికే ఆ రోజులు. దారిలో జలగలు పట్టుకుంటాయి, జేబులో ఉప్పు పొట్లం ఉండాలి.

నెల రోజులకి వెళ్లొస్తామనేవాళ్లని నేనైతే వద్దంటాను. పిల్లల పేర్లు నోటికి వచ్చేసరికే తిరుగు బస్సు ఎక్కాలి. కనీసం ఒక టర్మయినా ఉండాలి, అది దసరా సెలవుల్లో తెగిపోకుండా చూసుకోవాలి. వచ్చేముందు ఏ తరగతి ఏ పాఠం దగ్గర ఆగిందో వాళ్ల తేదీలతోనే రాసి, ఆ కాగితం ముక్కల కట్టతో సహా స్థానిక టీచరు చేతికివ్వండి.