రంగు పోగొట్టే ఉద్యోగం

పోర్చుగల్ వచ్చి రెండేళ్లవుతోంది. ఉత్తరాన ఆవే నది లోయ పొడుగునా బట్టల మిల్లులే, మా ల్యాబ్ కూడా అటువైపే. "ఏం పనిరా అక్కడ?" అని నాన్న అడిగితే రంగులు పోగొట్టే పని అన్నాను. ఆయన పోచంపల్లిలో ముప్పయ్యేళ్లుగా నూలుకు సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి కట్టి రంగులో ముంచే మనిషి. "రంగు పోవద్దని మేం చస్తుంటే నీకు పోగొడితే జీతమా!" అని ఒకటే నవ్వు.

మిల్లులు వదిలే నీళ్లలోంచి రంగు తీసెయ్యడమే మా పని. మేం పరీక్షించేది రియాక్టివ్ బ్లాక్ 5, కాటన్ బట్టలకు నలుపు వేసే రంగు. రెండు నైట్రోజన్లు జంటగా పట్టుకుని ఉండే అజో బంధాలు అందులో రెండున్నాయి, ఆ నలుపంతా వాటి చలవే. బ్యాక్టీరియాలోని అజోరిడక్టేజ్ ఎంజైమ్ ఎలక్ట్రాన్లు అందించి వాటిని తెంచుతుంది. తెంచాలి మరి! మొదటి నెలంతా నేను ట్యూబుల్ని షేకర్‌లో పెట్టి ఊపిందే ఊపాను, బ్యాక్టీరియా ఏపుగా పెరిగింది కానీ రంగు చెక్కుచెదరలేదు. ఒక శుక్రవారం విసుగొచ్చి ఒక ట్యూబును బెంచీ మీదే వదిలేసి బస్సుకు పరుగెత్తాను. సోమవారం వచ్చి చూస్తే అడుగున మడ్డి, పైన లేత పసుపు నీళ్లు. ఆక్సిజన్ దొరికితే ఎలక్ట్రాన్లన్నీ దానికే పోతాయి, రంగు దాకా రావు. ఊపి ఊపి గాలి కలిపి పని చెడగొట్టుకుంది నేనే.

ఫొటో తీసి నాన్నకు వాట్సాప్ చేసేశాను. మా సూపర్‌వైజర్ మాత్రం ట్యూబు వైపు ఓసారి చూసి, "సరే, రంగు పోయింది. ఎక్కడికి పోయింది?" అంది. నిజమే, బంధం తెగితే మిగిలేవి అరోమాటిక్ అమీన్లు, కంటికి కనబడవు, కొన్ని క్యాన్సర్ కలిగిస్తాయి. అలాంటి కొన్ని అమీన్లను విడుదల చేసే అజో రంగులు ఒంటికి తగిలే బట్టల్లో ఉండకూడదని 2002లోనే యూరోపియన్ యూనియన్ నిషేధం పెట్టింది. అందుకే ఇప్పుడు రంగు పోయాక అదే నీటికి గాలి పట్టించి, ఆ అమీన్లను వేరే బ్యాక్టీరియా చేత తినిపించే పనిలో ఉన్నాం. ఇంకో దారి లాకేజ్‌లు అనే ఎంజైమ్‌లు. బాసిలస్ సబ్‌టిలిస్ అనే బ్యాక్టీరియాలో దొరికే కాట్‌ఎ అనే లాకేజ్ మీద లిస్బన్ పక్కన ఒయిరాస్‌లో చాలా పని జరిగింది. రాగి ఉన్న ఎంజైమ్ అది, వేడికి తట్టుకుంటుంది, దానికి ఆక్సిజనే కావాలి.

ఇదంతా ఫోన్లో చెప్పాను. నాన్న ఓపిగ్గా విని, "మా రంగు తొట్టి నీళ్లకు ఎంతవుద్ది, లీటరుకు?" అన్నాడు.

నా చేతిలో ఉన్నది అయిదు మిల్లీలీటర్ల ట్యూబు.