పనస బెరడు మీద రాతలు

కవిటి దగ్గర మా చిన్నాన్న తోటలో పనస మొదళ్ల మీద తెల్లటి పొర పాకి ఉంటుంది. "ఈ పొడ గీకేద్దామేటమ్మా?" అని అడిగారు. "వద్దు చిన్నాన్నా, తెగులు కాదు, చెట్టు రసం పీల్చదు" అన్నాను. అది లైకెన్. శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి. మసాలాలో వేసే రాతిపువ్వుకి చుట్టమే, కాకపోతే ఇది ఆకులా పైకి లేవదు, బెరడుకి పెచ్చులా అతుక్కుపోతుంది.

దాని మీద ఎవరో పెన్నుతో రాసినట్టు సన్నటి నల్ల గీతలు. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు అదే. మూడు చెట్ల నుంచి బెరడు ముక్కలు కోసి, కాగితం పొట్లాల్లో పెట్టి, మూడింటి మీదా గ్రాఫిస్ అని, అంటే ఇలా గీతలుండే ఒక లైకెన్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు రాసేశాను. భూతద్దంలో చూసినా మూడూ ఒకేలా ఉన్నాయి మరి.

10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసేసరికి అనుమానం మొదలైంది. రెండో ముక్క పసుపెక్కి, తర్వాత ఎర్రబడింది. మైక్రోస్కోపులో ఎర్రటి సూదుల్లాంటి స్ఫటికాలు కనిపించాయి. అంటే నార్‌స్టిక్టిక్ ఆమ్లం, కొన్ని లైకెన్లు తయారుచేసే పదార్థం. మిగతా రెండూ రంగు మారలేదు. అయితే రసాయనం ఒక్కదానితో ప్రజాతి తేలదు, ఆ గీతల్లో ఉండే సిద్ధబీజాలు (విత్తనాల్లాంటి సూక్ష్మ కణాలు) చూడాల్సిందే.

గీతని బ్లేడుతో అడ్డంగా, పల్చగా కోయడం నాకు చాలా రోజులు చేతకాలేదు. చివరికి మొదటి ముక్కలో రంగులేని సిద్ధబీజాలు దొరికాయి. అయోడిన్ వేస్తే ఊదా నీలం రంగుకి తిరిగాయి. అది గ్రాఫిసే. రెండోదాంట్లోనూ రంగులేనివే కనిపించాయి. ఇదీ గ్రాఫిసే అనుకుంటుంటే మా సార్ ఆపారు. "అవి లేతవమ్మా. ముదిరినవి వెతుకు." ఇంకో పది కోతలు కోశాక గోధుమరంగువి దొరికాయి, అయోడిన్‌కి ఎరుపు తిరిగాయి. అది ఫియోగ్రాఫిస్, వేరే ప్రజాతి! ఆ రోజు నాకు అన్నం కూడా గుర్తు రాలేదు.

మూడోదాని సిద్ధబీజాల్లో అడ్డగోడలే కాదు, నిలువు గోడలూ ఉన్నాయి, ఇటుకలు పేర్చినట్టు. రంగు లేదు. పాత పుస్తకం ప్రకారం గ్రాఫినా అనే ఇంకో ప్రజాతి పేరుకి మార్చాను. అది తప్పని సార్ చెప్పారు. 2002లో లైకెన్ల పరిశోధకురాలు బెట్టినా స్టైగర్ గ్రాఫిస్ కుటుంబాన్ని తిరిగి వర్గీకరించాక, గోడల అమరిక ఒక్కటే చూసి ప్రజాతిని విడదీయడం లేదు. గీత అంచు నల్లగా బొగ్గులా ఉందా, సిద్ధబీజం అయోడిన్‌కి ఏ రంగు తిరుగుతుంది అన్నవీ కలిపి చూడాలి. నా మూడో ముక్కలో అంచు నలుపు, అయోడిన్‌కి ఊదా నీలం.

గ్రాఫినా కొట్టేసి మళ్లీ గ్రాఫిస్ అని రాశాను. ఈసారి కింద సిద్ధబీజం కొలత, అయోడిన్ రంగు, చూసిన తేదీ కూడా.