36 కవర్లు మళ్ళీ బయటికి తీశాం

మా క్రిస్టియన్ స్కూల్లో 9వ తరగతి పిల్లల చేత, తిండి దొరకని పిల్లల కోసం భోజనం ప్యాకెట్లు కట్టించే పని నా మీద పడింది. సరుకులూ మెషిన్లూ సేవా సంస్థ తెస్తుంది. వాటికయ్యే డబ్బు పిల్లలే పోగు చేయాలి. అసెంబ్లీలో "10,000 భోజనాలు" అని గొప్పగా చెప్పేశాక గానీ ఎంతవుతుందో లెక్క వేయలేదు. తప్పు నాదే.

వాకథాన్ పెట్టాం. గ్రౌండు చుట్టూ ఒక్కో రౌండుకు ఇంత ఇస్తామని పిల్లలు బంధువుల చేత, చర్చి వాళ్ళ చేత కాగితం మీద రాయించుకోవాలి. రాయడానికి అందరూ రాశారు. ఒకమ్మాయి 31 రౌండ్లు తిరిగింది. "ఐదారు తిరుగుతావనుకున్నానే తల్లీ!" అని వాళ్ళ బాబాయ్ తల పట్టుకున్నాడట. పాపం, ఆయన ఇచ్చేశాడు. తక్కినవాళ్ళ దగ్గర వసూలుకి మూడు వారాలు పట్టింది. అడగడానికి పిల్లలకు మొహమాటం, నాకు టెన్షన్. ఈసారి పెడితే మాత్రం డబ్బు ముందే తీసుకుని రసీదు ఇస్తాను. రౌండ్లు ఎన్నయినా తిరగనీ.

ప్యాకింగ్ రోజు అందరం తలకు నెట్ వేసుకుని, చేతులు కడుక్కుని బల్లల దగ్గర నిలబడ్డాం. గరాటు కింద ఒకరు కవర్ పట్టుకుంటారు. ముందు విటమిన్ల పొడి, తర్వాత ఎండు కూరగాయల ముక్కలు, ఆపైన సోయా, చివర్లో బియ్యం. గరాటుకు అంటుకున్న పొడిని బియ్యం కిందికి తోసుకుపోతుంది, అందుకని ఆ వరస. ఉత్త అన్నంతో కడుపు నిండుతుంది గానీ ఎదిగే పిల్లలకు కావలసిన ప్రోటీన్, ఐరన్, విటమిన్ ఎ అందవు. పొడి పడిందో లేదో అనుమానం వస్తే ఆ కవర్ పక్కన పెట్టేయమన్నారు.

కవర్‌కి 6 భోజనాలు, పెట్టెకి 36 కవర్లు, అంటే 216. మా లెక్కకు 47 పెట్టెలు కావాలి. కవర్ తూకం 390 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉండాలి.

"ఇంకో గుప్పెడు వేస్తే ఏం టీచర్? తింటారుగా!"

"ఇక్కడ గుప్పెడు ఎక్కువైతే చివరి పెట్టెకు బియ్యం చాలదు నాన్నా."

పొద్దున ప్రార్థనలో యోహాను సువార్త 6వ అధ్యాయం చదివాం. ఐదు రొట్టెలు, రెండు చేపలు, ఐదు వేల మంది. ఇంకో గుప్పెడు అడిగినవాడు ఊరుకుంటాడా! "యేసయ్యకి తూకం మెషిన్ లేదు కదా టీచర్" అన్నాడు. నేనూ నవ్వేశాను.

21వ పెట్టె దగ్గర గొడవైంది. టేప్ వేయబోతుంటే అడుగున బియ్యం రాలుతోంది. కవర్ మూతి దగ్గర ఒక్క గింజ ఇరుక్కుంటే చాలు, అక్కడ సీల్ అతుక్కోదు. పైకి చూస్తే బాగానే ఉంటుంది, నొక్కితే గాలి బుస్సుమంటుంది. సీల్ వేసిన అబ్బాయి మొహం మాడిపోయింది. పెట్టె బోర్లించి 36 కవర్లూ చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూశాం. నాలుగు దొరికాయి. నేల మీద పడ్డ బియ్యం చెత్తలోకే పోవాలి, ఏరి వేయడానికి లేదు. దోసిలి పట్టుకుని ఆ అబ్బాయి కాసేపు అక్కడే నిలబడిపోయాడు. ఆ తర్వాత సీల్ వేసే ముందు ప్రతి కవర్ మూతినీ వేలితో తుడిచాడు. బల్ల దగ్గర పని సగానికి సగం నెమ్మదించింది. తొందరపెట్టాలనిపించలేదు.

సాయంత్రానికి 47 పూర్తయ్యాయి. పెట్టెల మీద చేతులుంచి ప్రార్థన చేశాం. మధ్యలో ఒక కన్ను తెరిచి చూశాను. సీల్ వేసిన అబ్బాయి కళ్ళు మూసుకోలేదు. ముందున్న పెట్టె టేప్ అంచుని బొటనవేలితో నొక్కుతున్నాడు.